మా సాలన్‌లో చిగురు

"సాయిబుల ఇళ్లల్లో రోజూ బిర్యానేనా?"

కాచిగూడకు వచ్చిన కొత్తలో మమ్మల్ని చాలామంది అడిగిన ప్రశ్న ఇది. ప్రేమగా అడిగినవాళ్లున్నారు, ఎగతాళిగా అడిగినవాళ్లున్నారు. పండక్కి పిలవలేదేమని నిష్ఠూరమాడిన సెక్యులర్ మిత్రులూ ఉన్నారు. మా ఊళ్లో మేం తిన్నది జొన్న రొట్టె, పచ్చి పులుసు, పుంటికూర. బిర్యానీ మొహం చూడాలంటే ఎవరింట్లోనో నిఖా కావాలి. అయినా ఆ ప్రశ్నకు మేం నవ్వి ఊరుకున్నాం. కొన్నిసార్లు "అవును" అని కూడా అన్నాం. గరీబు తురకోళ్లమని చెప్పుకోవడం కంటే నవాబుల వారసులమని అనిపించుకోవడమే ఆ వయసులో బాగుండేది.

1994లో పాలమూరు వైపు నుంచి వచ్చే పాసింజరు దిగి, గుమ్మటాల కాచిగూడ స్టేషన్‌లోంచి ముగ్గురం బయటికొచ్చాం. ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1916లో కట్టిన స్టేషన్ అది. గ్రూప్స్ రాయాలని మా పట్టుదల. పగలంతా చిక్కడపల్లి లైబ్రరీలో చదువు, సాయంత్రం అశోక్‌నగర్ గల్లీల్లో గది కోసం తిరుగుడు. 'టు లెట్' బోర్డు చూసి తలుపు కొడితే గది ఖాళీగానే ఉండేది. మా పేర్లు చెప్పేదాకా ఖాళీగానే ఉండేది.

"ఏమీ అనుకోకండి బాబూ, మీరు నీసు వండుకుంటారు కదా" అందొక ఇల్లుగలామె. వండుకోమని ఒట్టు పెట్టుకున్నాం. అయినా ఇవ్వలేదు. ఆదివారం పొద్దున అదే ఇంటి ముందు నుంచి పోతుంటే లోపల మేకమాంసం ఉడుకుతున్న వాసన! అడ్డం వచ్చింది నీసు కాదు, మా పేర్లు.

చివరికి కాచిగూడ వెనకగల్లీలో ఒక రేకుల గది దొరికింది. మాకు తిండి యావ మొదలైంది అక్కడే. ఇల్లు ఇవ్వని నగరంలో ఇంటి రుచి ఎక్కడ దొరుకుతుందా అని వెతకడం మొదలుపెట్టాం. కూరగాయలు పండించే కాచీలు ఇక్కడ స్థిరపడడం వల్లనే ఈ పేటకు కాచిగూడ అన్న పేరు వచ్చిందంటారు. అంటే ఎక్కణ్ణుంచో వచ్చి ఇక్కడ ఆకుకూరలు పండించినవాళ్ల పేరు మీద వెలసిన పేట ఇది. ఇక్కడి ఇరానీ హోటళ్లూ వలస వచ్చినవాళ్లు పెట్టినవే. ఆ హోటల్లో చాయ్ తాగడానికి కులం, మతం చెప్పక్కర్లేదు. పక్కన రిక్షావాలా, ఎదురుగా రైల్వే గుమాస్తా, మధ్యలో మేం. కుర్చీ ఖాళీ ఉంటే కూర్చోవడమే.

ఒక చలికాలం నహారీ వండాలన్న పిచ్చి పట్టింది. నహారీకి పొట్లీ మసాలా కావాలి. దినుసులన్నీ పల్చటి గుడ్డలో మూటకట్టి, ఆ మూటను ఎసట్లో వేసి రాత్రంతా ఉడికించి, తెల్లారి తీసేస్తారు. రుచి మిగులుతుంది, దినుసు పంటికి తగలదు. అమ్మీ చెప్పిన జాబితా పట్టుకుని చిక్కడపల్లి, నారాయణగూడ కిరాణా కొట్లన్నీ తిరిగాం. ఖస్, పత్థర్ కా ఫూల్, కబాబ్ చీనీ, పాన్ కీ జడ్. "అవన్నీ పాతబస్తీలో దొరుకుతాయి, ఇక్కడుండవు" అన్నారు. చివరికి ఒక మూలికల దుకాణం మెట్లెక్కాం. పెద్దాయన జాబితా చూసి తల అడ్డంగా ఊపాడు. మాలో ఒకడికి వాళ్ల నాయనమ్మ మాట గుర్తొచ్చింది. "వట్టివేరు ఉందా తాతా?" అన్నాడు. డబ్బా దిగింది. "రాతిపువ్వు?" ఇంకో డబ్బా. "చలవమిరియాలు?" మూడో డబ్బా. పాన్ కీ జడ్ ఒక్కదానికే మాకు తెలుగు పేరు తెలియలేదు. తమలపాకు తీగ వేరు అని చెప్పగానే అదీ తీశాడు. మేం పాతబస్తీ దినుసులనుకున్నవన్నీ ఆ పెద్దాయన దగ్గర తెలుగు పేర్లతో ఎప్పటినుంచో ఉన్నాయి.

ఆ రోజు నహారీ ఎలా కుదిరిందో గుర్తు లేదు. ఆ దుకాణం మాత్రం గుర్తుండిపోయింది. తర్వాత ఒక్కో దినుసు పుట్టుక ఆరా తీయడం మాకు అలవాటైంది. మా కుర్మాలో నూరే చిరౌంజీ అంటే సారపప్పే. దాన్ని ఆదిలాబాద్ అడవుల్లో ఆదివాసులు ఏరుతారు. వట్టివేరు ఇక్కడి గడ్డి వేరు. చలవమిరియాలు మాత్రం జావా నుంచి ఓడల్లో వచ్చినవి. వాటిని మా వంటా వాడుకుంది, ఇక్కడి వైద్యులూ వాడుకున్నారు. ఇక మిరపకాయ సంగతి? అది అమెరికా ఖండంలో పుట్టింది. 16వ శతాబ్దంలో పోర్చుగీసుల వెంట మన దేశానికి వచ్చింది. దక్కన్‌లో బహమనీ రాజ్యం ఏర్పడింది 1347లో. అంటే ఆవకాయలో ఎర్ర కారం పడకముందే ఈ నేల మీద ముస్లింలున్నారు. ఆవకాయను పరాయిదన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? మమ్మల్ని మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చారని ఇప్పటికీ అడుగుతారు. మాలో ఎక్కువమంది ఎక్కణ్ణుంచీ రాలేదు. మా ముత్తాతలు ఈ ఊళ్లల్లోనే దూది ఏకినవాళ్లు, మగ్గం నేసినవాళ్లు, మాంసం కొట్టినవాళ్లు. మాలోనూ ఇరాన్, అరబ్బు వంశాలు చెప్పుకుని వీళ్లను చిన్నచూపు చూసేవాళ్లున్నారు. అదీ ఒప్పుకోవాలి.

ఇప్పుడు చిగురు సంగతి. ఎండాకాలం మొదట్లో పల్లెటూరి ఆడవాళ్లు గంపల్లో చింతచిగురు తెచ్చి నారాయణగూడ మార్కెట్ దగ్గర కూర్చునేవాళ్లు. దొరికేది కొద్ది రోజులే. ధర మాంసంతో పోటీపడేది. పొద్దున్నే పోకపోతే ఖాళీ గంపలే కనిపించేవి. ఆ చిగురును అరచేతుల మధ్య నలిపి మాంసంలో వేస్తే హైదరాబాదు ముస్లింల ఇళ్లల్లో దాని పేరు 'చిగూర్ కా సాలన్'. చిగూర్! ఇది ఏ పారశీకం నుంచీ రాలేదు, అరబ్బీ నుంచీ రాలేదు. మన చిగురే. ఉర్దూ నాలుక దాన్ని కాస్త సాగదీసిందంతే. అది వండే చాలామంది అమ్మీలకు అది తెలుగు మాటని తెలియనే తెలియదు. అటు తెలంగాణ పెళ్లిళ్లలో బగారన్నం వడ్డించే హిందువుల్లో చాలామందికి 'బఘార్' అంటే ఉర్దూలో పోపు అని తెలియదు. పుంటికూర మా ఇళ్లల్లో అంబాడా. అది మరాఠీ అంబాడీకి చుట్టం. ఎవరూ సంతకాలు పెట్టి చేసుకున్న ఒప్పందం కాదిది. పక్కపక్క పొయ్యిల మీద వందల ఏళ్లు వండుకుంటే జరిగేది ఇదే.

మా వంట నవాబుల వంట అన్నమాట సగమే నిజం. హలీమ్ ఇక్కడికి నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బులతో వచ్చింది. వాళ్ల బారకాసులే నేటి బార్కస్. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్, మరుసటి ఏడు 1949లో జాగీర్ల రద్దు. దేవిడీలు చితికిపోయాయి. వాటిని నమ్ముకున్న వంటవాళ్లు, నౌకర్లు వీధిన పడ్డారు. దేవిడీల రుచులు హోటళ్లలోకి, పెళ్లి పందిళ్లలోకి వచ్చాయి. ఇది ఒక చరిత్ర. రెండోది గరీబు చరిత్ర. మంచి మాంసం కొనలేనివాళ్లు పేగులూ బోటీతో చాక్నా వండారు, కాళ్లతో పాయా కాచారు. మాల మాదిగ వాడల్లో బోటీ కూరదీ ఇదే కథ. ఆకలి ఒక్కటైనప్పుడు గిన్నె కూడా ఒక్కటే అవుతుంది. ఈ చుట్టరికం గురించి మీ పుస్తకాలూ రాయలేదు, మా పుస్తకాలూ రాయలేదు.

2010లో హైదరాబాదీ హలీమ్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2019లో యునెస్కో ఈ నగరాన్ని వంటకాల సృజన నగరాల జాబితాలో చేర్చింది. మాకు సంతోషమే. రంజాన్ నెలలో హలీమ్ బట్టీల ముందు వరస కట్టేవాళ్లలో ముస్లిమేతరులే ఎక్కువ కనిపించే చోట్లున్నాయి. అదీ సంతోషమే. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సినిమా చూసి బిర్యానీ తినకుండా ఇంటికి పోని కుర్రాళ్లెంతమంది!

కానీ ఈ మధ్యే మాలో ఒకరి కొడుకు గ్రూప్స్ కోచింగ్ కోసం అదే అశోక్‌నగర్‌కు వచ్చాడు. ముప్పై ఏళ్లు గడిచాయి. బోర్డు ఫోన్‌లోకి మారింది. ప్రశ్న మారలేదు. "పేరేంటి బాబూ?" తర్వాత కాసేపు మౌనం. తర్వాత "ఇప్పుడే ఎవరికో ఇచ్చేశాం".

వాడు తిరిగి తిరిగి మా ఇంటికొచ్చాడు. ఆ రోజు చిగురు దొరికింది, సాలన్ చేశాం. వాడు రెండోసారి వడ్డించుకుంటూ "చాచా, ఇది తెలుగోళ్ల కూరా, మన కూరా?" అని అడిగాడు. మేం ముగ్గురం మొహాలు చూసుకున్నాం. వాడు అడిగినదాంట్లో తప్పు లేదు. ఆ రెంటి మధ్యా ఒక 'లేదా' ఉందని వాడికి ఆ వారమంతా గడప గడపకీ నేర్పారు.

మేం తెలుగోళ్లమే బేటా, తిను అన్నాం. వాడికి మేం చెప్పగలం. గడప లోపల నిలబడి పేరడిగేవాళ్లకు చెప్పాల్సింది మీరు.