వంద అంగుళాల అద్దానికి కొత్త పూత

1935. కాలిఫోర్నియాలో మౌంట్ విల్సన్ కొండ. గెలాక్సీలు దూరంగా పరుగెడుతున్నాయని ఖగోళ శాస్త్రవేత్త హబుల్‌కు చూపించిన వంద అంగుళాల అద్దం టెలిస్కోపు నుంచి కిందికి దిగింది. బరువు నాలుగు టన్నుల పైమాటే. జారిందా, మళ్లీ అలాంటిది పోతపోయడానికి ఏళ్లు పడుతుంది. దాని మీది వెండి పూతను కడిగేశారు.

ఈ సాహసం వెనకున్నది ముప్ఫై ఏళ్ల కాల్‌టెక్ భౌతిక శాస్త్రవేత్త జాన్ స్ట్రాంగ్. వెండి త్వరగా నల్లబడేది. అతినీలలోహిత కాంతిని సరిగా తిప్పికొట్టేది కాదు. అల్యూమినియంతో ఆ రెండు బాధలూ తీరతాయని చిన్న అద్దాల మీద ఆయన అప్పటికే రుజువు చేశారు. అయితే లోహాన్ని ఆవిరి చేసి గాజుకు పట్టించాలి. మామూలు గాలిలో ఆ ఆవిరిలోని పరమాణువు వెంట్రుక మందమైనా పోకముందే దేన్నో ఢీకొంటుంది. అందుకే శూన్యం కావాలి.

అసలు పరీక్ష ఆ శూన్యాన్ని పట్టే గది కట్టడంలోనే ఉంది. లోపలి గాలిని తోడేస్తే బయటి గాలి చదరపు మీటరుకు పది టన్నుల చొప్పున నొక్కుతుంది. ఇంత అద్దం పట్టే గది మూత మీదే యాభై టన్నులు దాటుతుంది. బల్లపరుపు రేకు లోపలికి కుంగిపోతుంది. అందుకే ఇలాంటి మూతలను గుమ్మటంలా వంచుతారు. అతుకుల్లో కంటికి కనపడని లీకున్నా పంపులు ఓడిపోతాయి. లీకు లేకపోయినా గోడకంటిన తేమ, గ్రీజు, చివరికి ఒక వేలిముద్ర కూడా ఆవిరి వదులుతూనే ఉంటాయి.

పంపులు తోడాయి. పీడనం బయటిదానిలో కొన్ని కోట్లవ వంతుకు పడితే, పరమాణువు మీటర్ల దూరం అడ్డులేకుండా పోగలదు. అప్పుడు టంగ్‌స్టన్ తీగచుట్టల్లోకి కరెంటు వదిలారు. వాటికి తగిలించిన అల్యూమినియం ముక్కలు కరిగి, తీగను తడిపి, ఆవిరయ్యాయి. వట్టి గాజు మళ్లీ అద్దమైంది. ఇలాంటి పూత మందం మిల్లీమీటరులో సుమారు పదివేలో వంతు. గాలి తగలగానే దానిపై పారదర్శకమైన ఆక్సైడ్ పొర కడుతుంది. పూతకు అదే కాపలా.

పాలోమర్ కొండ మీది 200 అంగుళాల అద్దానికీ ఈ పద్ధతే పట్టింది. పూతకు ముందు ఆ గాజును రుద్దడానికి స్ట్రాంగ్ సూచించింది మగవాళ్లు తలకు రాసుకునే వైల్డ్‌రూట్ క్రీమ్ నూనె! అందులోని కొవ్వు ఆమ్లాలతో రుద్ది తుడిస్తే మొండి మురికి కూడా వదులుతుంది.

హైదరాబాదులో పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు కార్నెగీ ఫెలోషిప్‌పై ఆ పాలోమర్‌లో పనిచేసి వచ్చారు. తమిళనాడులోని కావలూరులో ఆయన పేరు పెట్టుకున్న 2.34 మీటర్ల టెలిస్కోపు ఉన్నచోటే పూత గది కూడా ఉంది. పెద్ద అద్దాన్ని తలపెట్టినవారు, అది పట్టే శూన్యగదికీ ముందే లెక్క వేసుకోక తప్పదు.