తిరునాళ్ల నాడు మంచం దిగిన పిల్ల

కిటికీ అవతల బల్లలు మోసుకెళ్తున్న చప్పుడు. ఎవరో ఎవరినో పేరు పెట్టి కేకేస్తున్నారు. ఇవాళ ఊరి తిరునాళ్లు. ఏడాదికి ఒక్కసారి వచ్చే సంబరం.

లోపల, గదిలో, ఒక పల్లెటూరి పిల్ల మంచాన పడి ఉంది.

డాక్టర్ విలియం పికిల్స్ వంగి చూశాడు. నలభై నాలుగేళ్ల మనిషి. ఈ లోయలో ఆయన ఎక్కని గడప దాదాపు లేదు. చూడాల్సింది చూశాడు. పడుకోమన్నాడు. సంచి సర్దుకున్నాడు. ఈ నీరసంలో ఈ పిల్ల లేచి తిరుగుతుందన్న ఊహ కూడా రాలేదు ఆయనకి. తలుపు దగ్గరికి లాగి, తర్వాతి ఇంటికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం అయింది. పిల్ల దుప్పటి తోసేసింది. లేచింది. బట్టలు మార్చుకుంది. తిరునాళ్లకి వెళ్లింది.

1929. ఇంగ్లండు ఉత్తరాన యార్క్‌షైర్ కొండల మధ్య వెన్స్‌లీడేల్ అనే లోయ. యూర్ నది దాని మధ్య నుంచి పారుతుంది, అటూ ఇటూ సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడలు, గోడల మధ్య గొర్రెలు, గొర్రెల వెనక చిన్న చిన్న ఊళ్లు, ఆ ఊళ్లని ఒకదానికొకటి కలుపుతూ పొగ వదులుతూ పోయే రైలు, రైలు దిగినవాడు ఎవరింటికొచ్చాడో చీకటి పడేలోపు అందరికీ తెలిసిపోయే బతుకు. అక్కడ రహస్యం దాగదు. కానీ ఆ ఏడు ఒకటి దాగింది.

మొదట ఒకరిద్దరు. ఆకలి లేదన్నారు. కడుపులో తిప్పుతోందన్నారు. మూత్రం ముదురు రంగులోకి దిగింది. తర్వాత కళ్లు పచ్చబడ్డాయి.

కామెర్లు.

ఒక ఊళ్లో ఆగితే ఇంకో ఊళ్లో లేచాయి. ఒక ఇంట్లో బిడ్డ కోలుకుందని ఊపిరి పీల్చుకునేలోపు పక్కింట్లో ఇంకో బిడ్డ మంచం ఎక్కింది. లోయలో ఉన్నది దాదాపు 5,700 మంది. లెక్క తేలేసరికి కామెర్లు వచ్చినవాళ్లు 250. మన వైపైతే పసరు మందు కోసం ఈపాటికి బస్సులు నిండేవి. వెన్స్‌లీడేల్ జనం డాక్టరు కోసం ఎదురుచూశారు. డాక్టరు దగ్గర మాత్రం జవాబు లేదు.

అప్పటి పుస్తకాల్లో ఈ జబ్బుకి ఉన్న పేరు 'కటారల్ జాండిస్'. వెనకటి శతాబ్దంలో జర్మన్ వైద్యుడు విర్కో చెప్పిన వివరణ ఇంకా చాలామంది బుర్రల్లో ఉంది: పేగు మొదట్లో శ్లేష్మం పేరుకుని, తూములో చెత్త అడ్డుపడ్డట్టు, పైత్యం దిగే దారికి అడ్డం పడుతుందట. అదే నిజమైతే ఈ అడ్డం ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి ఎలా నడిచిపోతోంది?

అంటుకుంటోంది. ఆ మాట పికిల్స్‌కి అనుమానం లేకుండా తెలుసు. కానీ ఎవరి నుంచి ఎవరికి? ఎన్నాళ్లకి?

అక్కడే చిక్కు. తట్టు అయితే పది పన్నెండు రోజుల్లో బయటపడుతుంది. పోయిన వారం ఎవరింటికి వెళ్లావంటే ఎవడైనా చెబుతాడు. ఈ జబ్బు అలా లేదు. ఎక్కడో నిశ్శబ్దంగా చాలాకాలం కూర్చుంటోంది. నెల కిందట ఎవరి పక్కన కూర్చున్నావు, ఎవరితో టీ తాగావు అని అడిగితే రైతు గడ్డం గోక్కుంటాడు. ఎవరికి గుర్తుంటుంది?

ఒక్క రోజు మాత్రం అందరికీ గుర్తుంది. తిరునాళ్ల రోజు.

పికిల్స్ మళ్లీ ఇల్లిల్లూ తిరిగాడు. పచ్చబడ్డ కళ్ల ముందు కూర్చున్నాడు. "నలత మొదలైంది ఏ రోజు? తిరునాళ్లకి వెళ్లావా? అక్కడ ఎవరెవరితో ఉన్నావు?"

జవాబులు ఒక్కొక్కటే వచ్చాయి. ఒకరు ఆ పిల్ల పేరు చెప్పారు. ఇంకొకరూ ఆ పేరే చెప్పారు. డాక్టరు మొహం మారిపోయి ఉంటుంది. ఎందుకంటే ఆ పిల్ల ఆ పొద్దున మంచంలో ఉందనడానికి సాక్షి ఎవరో కాదు. తనే.

లెక్క కట్టాడు. ఆ ఒక్క సాయంత్రం, ఆ ఒక్క పిల్ల నుంచి, 13 మందికి. జబ్బు బయటపడటానికి పట్టిన కాలం తక్కువలో తక్కువ 26 రోజులు, ఎక్కువలో ఎక్కువ 35.

తేదీ తెలుసు. మనిషి తెలుసు. చోటు తెలుసు. ఒక అంటువ్యాధి నడిచిన దారి ఇంత స్పష్టంగా దొరకడం ఏ మహానగరంలోనూ జరిగే పని కాదు. లండన్‌లో ట్రామెక్కినవాడికి పక్కన దగ్గినవాడి పేరు తెలియదు. పెద్దాసుపత్రి డాక్టరుకి రోగి మాత్రమే కనిపిస్తాడు, రోగి వెనక ఉన్న వీధి కనిపించదు. పికిల్స్‌కి వీధే కనిపించింది. 1930లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆ కథ అచ్చయింది. ఒక పల్లెటూరి డాక్టరు రాసిన కథ.

ఈ మనిషికి ఈ పిచ్చి ఎక్కడిది?

లీడ్స్‌లో పుట్టాడు, అక్కడే చదివాడు. 1912లో ఐస్‌గార్త్ అనే ఈ ఊరికి ఇంకో డాక్టరు బదులుగా కొన్నాళ్లు పనిచేయడానికి వచ్చాడు. మరుసటి ఏడాదే స్నేహితుడితో కలిసి ఆ ప్రాక్టీసు కొనేశాడు. ఆ రోజుల్లో అక్కడ ప్రాక్టీసు అంటే కొట్టు లాగే అమ్ముడుపోయేది, కొనేవాళ్లకి రోగులతో సహా దక్కేది. పధ్నాలుగేళ్లు మందులిచ్చుకుంటూ గడిచిపోయాయి. 1926లో జేమ్స్ మెకంజీ రాసిన గుండె జబ్బుల పుస్తకం చేతికొచ్చింది. మెకంజీ కూడా ఒకప్పుడు బర్న్‌లీ అనే మిల్లుల ఊళ్లో మామూలు కుటుంబ డాక్టరే. రోగుల్ని ఏళ్ల తరబడి వెంట ఉండి చూడగలిగేది మనమే కదా, మరి మనం ఎందుకు రాసిపెట్టకూడదు? ఆ ప్రశ్న పికిల్స్‌ని వదల్లేదు. మూడేళ్లకే లోయలోకి కామెర్లు వచ్చాయి.

ఇక ఆగలేదు.

రాత్రి. దీపం. బల్ల మీద పరిచిన పెద్ద కాగితాలు. డాక్టరు ఆ రోజు చూసిన ఇళ్లు చెబుతుంటాడు, భార్య గెర్టీ రాస్తుంటుంది. ఏ జబ్బు. ఏ ఊరు. ఏ తారీఖు. తట్టు, గవదలు, ఆటలమ్మ, కోరింత దగ్గు, ఫ్లూ. రోజు తర్వాత రోజు. ఏడాది తర్వాత ఏడాది. ఈ పట్టికల మాట వచ్చినప్పుడల్లా పికిల్స్ పేరే వినిపిస్తుంది. అన్యాయమే, గళ్లు నింపిన చెయ్యి ఆమెది. లోయలో మనుషుల పేర్లే కాదు, కుక్కలు చాలావరకు, కొన్ని పిల్లులు కూడా మాకు తెలుసునని ఆ దంపతులు నవ్వుతూ చెప్పుకునేవాళ్లు. కాగితాలు మాత్రం నవ్వులాటకి కాదు. వాటిలో చలికాలం ఎప్పుడు దిగిందో, బడి ఎప్పుడు తెరిచారో, ఏ ఊరి నుంచి ఏ ఊరికి జబ్బు దాటిందో మెల్లమెల్లగా కనపడసాగింది.

1933లో పట్టికకి అర్థం కానిది ఒకటి వచ్చింది.

ఉన్నట్టుండి ఛాతీ పక్కన నొప్పి. ఊపిరి తీస్తే పొడుస్తుంది. నిన్నటిదాకా పరిగెత్తిన పిల్లలు పక్క పట్టుకుని ఏడుస్తున్నారు. జ్వరం. ప్లూరసీనా? అపెండిక్సా? ఒకరికైతే ఏదో ఒకటి అనుకుని పంపించెయ్యొచ్చు. ఇన్నిళ్లలో ఒకేసారి వస్తే? పికిల్స్ సరైన పేరు పట్టుకున్నాడు. డెన్మార్క్‌కి చెందిన బోర్న్‌హోల్మ్ అనే దీవి పేరున్న జబ్బు. ఒళ్లంతా వణికించి, భయపెట్టి, చాలావరకు దానంతట అదే పోతుంది. అనవసరమైన భయాలు తగ్గాయి. ఆ ఏడే అదీ జర్నల్‌కి ఎక్కింది.

1935. లండన్. రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్ సమావేశం. ఎదురుగా కూర్చున్నది లక్షల అంకెలతో పనిచేసే గణాంక పండితులు. నిలబడింది గొర్రెల లోయ నుంచి వచ్చిన డాక్టరు. ఆయన దగ్గరున్న అంకెలు చిన్నవి. కానీ ప్రతి అంకె వెనకా ఒక ఇల్లుంది, ఆ ఇంట్లో ఒక పేరుంది. నవ్వుతారా?

నవ్వలేదు. ఆ కాలపు అంటువ్యాధి గణాంకాల్లో పెద్ద తలకాయ మేజర్ గ్రీన్‌వుడ్ పుస్తకం రాయమని వెన్ను తట్టాడు. పల్లె ప్రాక్టీసులో అంటువ్యాధుల గురించి పికిల్స్ పుస్తకం వెలువడింది, గ్రీన్‌వుడ్ ముందుమాటతో. వెలువడిన ఏడాది 1939.

యుద్ధం మొదలైంది. పుస్తకం అచ్చయిన బ్రిస్టల్ మీద బాంబులు పడ్డాయి. అమ్ముడుపోని ప్రతులన్నీ కాలిపోయాయి. మళ్లీ అచ్చుకి పదేళ్లు పట్టింది. కానీ అప్పటికే అమ్ముడుపోయిన ప్రతుల్లో ఒకటి సరైన చేతుల్లో పడింది.

ఎడ్గర్ హోప్-సింప్సన్. ఇంకో కుటుంబ డాక్టరు. సైరెన్‌సెస్టర్ పట్నంలో తన ప్రాక్టీసునే పరిశోధన కేంద్రంగా మార్చుకున్నాడు. ఆయన వెంటపడింది సర్పి. నడుం చుట్టూ మంట పెట్టే ఆ పొక్కులు ఎక్కడి నుంచి వస్తాయి? ఆటలమ్మ ఉన్న పిల్లాడి నుంచి పెద్దవాళ్లకి అంటుకుంటున్నాయా? జనం కలగాపులగంగా తిరిగే చోట తేలదు. అందుకని స్కాట్లండు ఉత్తరాన షెట్లండ్‌లోని యెల్ దీవికి వెళ్లాడు. సముద్రం మధ్య, గాలి కొట్టే నేల. ఎవరింటికి ఎవరు వచ్చారో అడిగితే చెప్పగలిగే మనుషులు. పాత పద్ధతే. 1965లో ఆయన తేల్చిన మాట: సర్పి బయటి నుంచి రాదు. చిన్నప్పుడు ఆటలమ్మ తెచ్చిన వైరసే నరాల మూలాల్లో ఏళ్ల తరబడి దాక్కుని, ఒక రోజు లేస్తుంది.

పికిల్స్ అప్పటికి పెద్దవాడయ్యాడు. కుటుంబ డాక్టర్లకంటూ బ్రిటన్‌లో కాలేజీ ఏర్పడింది 1952లో. దాని మొదటి అధ్యక్షుడు ఆయనే. 1969లో పోయాడు. ఆ కామెర్ల వెనకున్నది ఏమిటో కంటితో చూడకుండానే పోయాడు. 1973లో అమెరికాలో స్టీఫెన్ ఫైన్‌స్టోన్, అతని సహచరులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో దాన్ని పట్టుకున్నారు. హెపటైటిస్ ఎ వైరస్. చేతుల ద్వారా, తిండి ద్వారా, నీళ్ల ద్వారా పాకుతుంది. కళ్లు పచ్చబడకముందు రోజుల్లోనే ఎక్కువగా అంటుకుంటుంది. ఒంట్లో దాక్కునే కాలం 15 నుంచి 50 రోజులు, సగటున 28. పికిల్స్ ఇల్లిల్లూ తిరిగి పట్టుకున్న 26, 35 రెండూ ఆ హద్దుల్లోనే ఉన్నాయి.

ఇంతలో ఒక లోయ కాగితం దేశం కాగితమైంది. 1967 నుంచి ఆ కుటుంబ డాక్టర్ల కాలేజీ ఇంగ్లండులోని కుటుంబ డాక్టర్ల దగ్గర్నుంచి వారం వారం లెక్కలు తీసుకుంటోంది. ఈ వారం కొత్తగా ఫ్లూ లక్షణాలతో ఎంతమంది వచ్చారు? ఎన్ని గొంతునొప్పులు? ఎన్ని ఆటలమ్మలు? ఆసుపత్రి పడకలు నిండకముందే, ఎక్కడో ఒక డాక్టరు గది బయట బెంచీ మీద దగ్గు పెరిగినప్పుడే, గీత పైకి వంగడం కనిపిస్తుంది. చలికాలం ఫ్లూ ఎప్పుడు మొదలైందో, ఏ వయసువాళ్లని ముందు పట్టిందో ఆ గీతే చెబుతుంది.

ఒట్టి అంకెలు చాలవని తర్వాత అర్థమైంది. దగ్గు అందరిదీ ఒకలాగే ఉంటుంది, వైరస్‌లు మాత్రం వేరు. 1990ల నుంచి కొన్ని ప్రాక్టీసుల్లో డాక్టర్లు, నర్సులు ఫ్లూ లాంటి జ్వరంతో వచ్చినవాళ్ల ముక్కు, గొంతు నుంచి దూదిపుల్లతో నమూనా తీసి ప్రయోగశాలకి పంపడం మొదలుపెట్టారు. ఏ చలికాలం ఏ రకం ఫ్లూ తిరుగుతోందో, ఆ ఏడు వేసిన టీకా దాని మీద ఎంత పనిచేస్తోందో ఆ పుల్లలే బయటపెట్టాయి.

2020 తొలి వారాలు. చలి ఇంకా పోలేదు. డాక్టర్ల గదుల్లో ఎప్పటిలాగే జనం. ఎప్పటిలాగే పుల్లలు, సీసాలు, చీటీలు. ప్రయోగశాలలో మాత్రం అవే నమూనాల మీద ఈసారి ఇంకో పరీక్ష కూడా చేయసాగారు. ఫ్లూ కోసం కాదు. వూహాన్ నుంచి వార్తల్లోకి వచ్చిన కొత్త వైరస్ కోసం.