గాడి చరిత్ర: ఉలి మొదలు చక్రపుకత్తి వరకు

తలుపు పనితనములో అందరి కంటికిని కనబడునది పైనున్న చెక్కడము. కనబడనిది గాడి. చట్రపుచెక్కల లోపలి అంచున సన్నముగా తొలిచిన ఆ కాలువలోనే పలక నిలిచియుండును. గాడి బాగున్నంత కాలము దాని నెవరును తలపరు. చెడిన నాడు మాత్రము ఇంటిల్లిపాదియు వడ్రంగిని తలతురు. వానకాలమున మూతపడని తలుపు, వేసవిలో నడుమ పగిలిన పలక, తీసినప్పుడెల్ల టకటక కొట్టుకొను బీరువా వెనుకచెక్క: ఈ మూడు జబ్బులకును మూలము తరచుగా గాడిలోనే దొరకును.

ఇందుకు కారణము కొయ్య స్వభావము. చెట్టును నరికి, కోసి, ఆరబెట్టిన తరువాతను కొయ్య గాలిలోని తేమను పీల్చుచు, విడుచుచు ఉండును. నార వెంబడి దాని పొడవు మారుట అత్యల్పము. నారకు అడ్డముగా వెడల్పు మాత్రము స్పష్టముగా మారును. ఒక అడుగు వెడల్పుగల టేకుపలక ఎండకాలమునకును వానకాలమునకును నడుమ రెండు మూడు మిల్లీమీటర్లు హెచ్చుతగ్గు కావచ్చును. అట్టి పలకను నాలుగు వైపుల మేకులతో బిగించినను, జిగురుతో అంటించినను అది ఊరకుండదు. తాను పగులును, లేదా చట్రమును విడదీయును. చట్రమును గట్టిగా కూర్చి, పలకను అంటింపక గాడిలో వదలుట దీనికి విరుగుడు. పలక ఉబ్బినపుడు గాడి లోతులోనికి జరుగును, ముడుచుకొనినపుడు వెనుకకు వచ్చును. కొయ్యల కూర్పు సామాన్యమైన విద్య కాదని మన పూర్వులెరుగుదురు. మానసారము, మయమతము అను వాస్తుగ్రంథములు సంధికర్మము పేర దానికి ప్రత్యేకముగా ఒక్కొక్క అధ్యాయమునే కేటాయించినవి.

ఈ భేదమును చూచుటకు రెడ్డిగూడెము ప్రాంతము తగినచోటు. తొలుత కృష్ణాజిల్లాలోను, 2022 నుండి ఎన్టీఆర్ జిల్లాలోను ఉన్న ఆ ఊరినుండి మైలవరము మీదుగా పోయినచో కొండపల్లి చేరవచ్చును. కొండపల్లి బొమ్మలవారు తెల్లపొణికి అను మెత్తని, తేలికైన కొయ్యను వాడుదురు. చేతులు, తల, మొండెము వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికింతురు. ఏనుగు అంబారీకిని, తాడిచెట్టు ఎక్కు గీతకార్మికునికిని ఆ అతుకు చాలును. ఏలయన బొమ్మ చిన్నది, అందలి హెచ్చుతగ్గులును చిన్నవే. ఏడడుగుల తలుపునకు ఆ ఉపాయము పనికిరాదు. అక్కడ అతుకు కాదు, అవకాశము కావలెను. ఆ అవకాశమునకే గాడి అని పేరు.

గాడి తీయుటకు మొదటి సాధనములు ఉలియు కొడతియు. రెండు గీతలు గీసి, నడుమ కొయ్యను కొంచెము కొంచెముగా లేపివేయవలెను. నేర్పరి చేతిలో ఆ గాడి చక్కగనే వచ్చును; కాని పని నిదానము, అడుగుభాగము ఎగుడుదిగుడు. సన్నని అలుగును, అంచు వెంట నడిపించు ఆధారపుచెక్కను కూర్చి గాడిచిత్రికను కల్పించిన తరువాత గీత తప్పుట తగ్గినది. 1880 దశకమున అమెరికాలోని స్టాన్లీ కంపెనీ, అలుగులు మార్చి మార్చి వాడదగిన 45వ నంబరు ఇనుపచిత్రికను తెచ్చినది. గాడికి తగిన వెడల్పు అలుగును ఎన్నుకొనుట అను ప్రశ్న అప్పటికే వడ్రంగి ముందుకు వచ్చెనన్నమాట.

మొదటి ప్రపంచయుద్ధ కాలమున అదే దేశమున కార్టర్ అనునతడు చేతితో పట్టి నడుపు విద్యుత్ యంత్రమును రూపొందించెను. ఆ వ్యాపారమును 1929లో స్టాన్లీ కంపెనీయే కొనినది. మనము రౌటర్ అనునది ఈ యంత్రపు సంతతియే. 1926లో జర్మనీలోని క్రుప్ కంపెనీ టంగ్‌స్టన్ కార్బైడ్ పనిముట్లను విపణికి తెచ్చుటతో, ప్లైవుడ్డులోని జిగురుపొరలకు సయితము తొందరగా మొద్దువారని అంచులు సాధ్యమైనవి. మన పల్లెలకు ఈ యంత్రము రావలెనన్న ముందు విద్యుత్తు రావలెను; ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడినదే 1959లో.

రౌటరుకు తగిలించు స్లాట్ కట్టర్ చిన్న పండ్లచక్రము వంటిది. నడుమ కాడ, కాడకు చక్రము, దాని ప్రక్కన అంచును ఆనుకొని తిరుగు బేరింగ్ ఉండును. దీనిని ఎన్నుకొనుటకు లెక్క సులభము. చక్రపు వ్యాసమునుండి బేరింగ్ వ్యాసమును తీసివేసి, సగము చేసినది గాడి లోతు. 48 మిల్లీమీటర్ల చక్రమునకు 22 మిల్లీమీటర్ల బేరింగ్ ఉన్నచో లోతు 13. బేరింగ్ 28 అయినచో లోతు 10. పలక గాడి అడుగును తాకకుండ, ఉబ్బుటకు చోటు మిగులునట్లు ఈ లోతును నిర్ణయింపవలెను.

వెడల్పు విషయమున మన దేశమునకు ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. 1956 నాటి చట్టముననుసరించి 1958 నుండి మెట్రిక్ కొలతలు క్రమముగా అమలులోనికి వచ్చినను, వడ్రంగి నోట అంగుళము పోలేదు. కట్టర్లును రెండు కొలతలలోను దొరకును. పావు అంగుళమనగా 6.35 మిల్లీమీటర్లు. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్డును ఆ గాడిలో నిలిపినచో 0.35 సందు మిగులును; పలక 6 కన్న కొంచెము పలుచనైనచో ఆ సందు ఇంకను పెరుగును. బీరువా టకటకకు ఇదియే కారణము. కావున బిళ్లపై అచ్చువేసిన అంకెను నమ్మక, చేతనున్న పలకనే కొలువవలెను. ఖచ్చితమైన కట్టర్ దొరకనిచో సన్నదానినే కొనవలెను. 4 మిల్లీమీటర్ల చక్రమును రెండుమార్లు, ఎత్తు కొంచెము మార్చి నడిపినచో 6 మిల్లీమీటర్ల గాడి వచ్చును. సన్నగాడిని వెడల్పు చేయవచ్చును. వెడల్పైన గాడిని సన్నము చేయు కట్టర్ లేదు.

వేగమును మరువరాదు. నిమిషమునకు 20,000 చుట్లు తిరుగునపుడు 48 మిల్లీమీటర్ల చక్రపు అంచు గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగమున పోవును. 12 మిల్లీమీటర్ల నిలువుకత్తికి ఇది నాలుగు రెట్లు. కావున పెద్ద చక్రమునకు యంత్రవేగమును తగ్గింపవలెను. కొయ్యను బిగించి, కట్టర్ తిరుగు దిశకు ఎదురుగా యంత్రమును నడుపవలెను. కట్టర్ మార్చునపుడు ముందుగా తీగను విద్యుత్తునుండి తొలగింపవలెను. ఉలి తప్పినచో గాయము, ఇది తప్పినచో వ్రేలే పోవును.

టేకుచెట్టు దూలమునకు తగినంత ఎదుగుటకు ఒక తరము చాలదు. తాత నాటినదానిని మనుమడు కోయును. కోసిన చెక్కలో తప్పుగాడి పడుటకు కొన్ని నిమిషములు చాలును. సాధనము మారినను వడ్రంగి ముందున్న ప్రశ్న మారలేదు: ఈ పలకకు ఎంత చోటు విడువవలెను? ఆ అంకెను తెలిసికొనిన తరువాతనే అంగడికి పోయి కట్టర్ అడుగుట ఉత్తమము.