అంచెట్టి చేను, మలేసియా తోట

హోసూరు సీమలో, డెంకణికోటకు దక్షిణముగా కొండల నడుమ నున్న ఊరు అంచెట్టి. అక్కడి మెట్టచేలలో రాగులు, ఉలవలు వానదేవుని దయమీద పండవలసినవే. 1799లో టిప్పు సుల్తాను పడిపోయిన పిదప ఆ ప్రాంతము కంపెనీ వశమైనది. దిగువనున్న బారామహల్‌లో 1792 నుండియే రీడు దొరయు, ఆయన క్రింద మన్రోయు పొలము పొలమును కొలిపించి, రైతు పేర శిస్తు కట్టు పద్ధతికి పునాది వేసిరి. సాగునేల యెంత అన్నది మనవారికి నాటినుండియు శిస్తు ప్రశ్నయే.

నేడు ఆ లెక్కను దేశదేశములకు వేయుచున్నారు. భారతదేశమున సాగునేల సుమారు 38 కోట్ల ఎకరాలు. మన మున్న మలేసియాలో ఇంచుమించు 20 లక్షలే! ఇది చూచి జాలిపడ నక్కరలేదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ లెక్కలో సాగునేల యనగా ఏటేటా విత్తు నేల. ఐదేండ్లలోపు బీడుంచినదియు అందు చేరును. ఏండ్ల తరబడి నిలుచు రబ్బరు, పామాయిలు తోటలది వేరు పద్దు. ఇక్కడ పామాయిలు తోటలే కోటి ఎకరాలకు పైమాట. వాన లేక రెండేండ్లు బీడుపడిన అంచెట్టి చేను సాగునేలయే. మన తాతలు అడవి కొట్టి, చెట్లు గీసి, పాలు మోసిన రబ్బరు తోట మాత్రము కాదట! అది మరియొక పుటలో నుండును. రెండు పుటలును కలిపి చదువవలెను.