పునాదికి కాంక్రీట్ పోసే ముందు: ఇంటి యజమాని సరిచూడవలసిన అంశాలు

గోడ పగిలితే పూడ్చవచ్చు, పైకప్పు కారితే మరమ్మతు చేయించవచ్చు. పునాదిలో జరిగిన లోపం మాత్రం మట్టి కిందికి వెళ్లిపోతుంది. కాంక్రీట్ పోసిన తరువాత అందులోని ఇనుము గానీ, దాని కింది నేల గానీ ఎవరికీ కనిపించవు. గోతిలో ఇనుప చువ్వలు కట్టడం పూర్తయి, కాంక్రీట్ ఇంకా పోయని ఆ కొద్ది గంటలే తనిఖీకి చివరి అవకాశం.

బాధ్యత ఎవరిది?

స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం (రెరా), 2016 ప్రకారం, దాని పరిధిలోకి వచ్చే ప్రాజెక్టుల్లో ఇల్లు స్వాధీనం చేసిన నాటి నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణ లోపాలు బయటపడి, వాటిని కొనుగోలుదారు తెలియజేస్తే, నిర్మాణ సంస్థ 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. సొంత స్థలంలో మేస్త్రీతో ఇల్లు కట్టించుకునే కుటుంబానికి ఈ రక్షణ లేదు. తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ విధానం చిన్న ఇళ్లకు యజమాని స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి లభించే పద్ధతిని తెచ్చింది. అనుమతి పత్రం చేతికి వచ్చినంత మాత్రాన గోతిలోని పనిని ఎవరో పరిశీలించినట్లు కాదు. ఆ పరిశీలనను ఇంజినీరు చేత చేయించుకోవలసినది యజమానే.

నేల, లోతు

మొదట చూడవలసినది గోతి అడుగు. భారతీయ ప్రమాణం ఐఎస్ 1904 ప్రకారం పునాది లోతు కనీసం 50 సెంటీమీటర్లు ఉండాలి. ఇది కనీస హద్దు మాత్రమే. అసలు లోతును నేల స్వభావాన్ని, ఇంటి బరువును బట్టి ఇంజినీరు నిర్ణయించాలి. నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. ఈ కదలికకు అందే లోతులో ఆపిన పునాది ఏటా పైకీ కిందికీ జరిగి, గోడల్లో ఏటవాలు పగుళ్లకు కారణమవుతుంది. ఇలాంటి నేలలకు అడుగున గంటలా వెడల్పయ్యే అండర్-రీమ్డ్ పైల్ విధానాన్ని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసింది.

గోతి అడుగున వదులు మట్టి, చెట్ల వేర్లు, పాత చెత్త, నిలిచిన నీరు ఉండకూడదు. నీటిని తోడివేయడంతో సరిపోదు, నానిన మట్టి పొరను కూడా తీసివేయాలి. పొరపాటున ఎక్కువ లోతు తవ్వితే, ఆ భాగాన్ని తిరిగి మట్టితో పూడ్చకుండా పలుచని రకం కాంక్రీట్‌తో నింపాలి. చెదల నివారణ మందును కూడా ఈ దశలోనే చల్లించాలి. దీనికి ఐఎస్ 6313 ప్రమాణం ఉంది.

కొలతలు

స్తంభాలు ప్లానులో చూపిన చోటే వస్తున్నాయా అన్నది దారం కట్టి సరిచూడాలి. మూలమట్టానికి సులువైన పరీక్ష ఉంది. మూల నుంచి ఒక వైపు 3 అడుగులు, రెండో వైపు 4 అడుగులు కొలిచి గుర్తు పెడితే, ఆ రెండు గుర్తుల మధ్య దూరం సరిగ్గా 5 అడుగులు రావాలి. మొత్తం ఇంటి ముగ్గుకు ఎదురెదురు మూలల మధ్య కొలతలు రెండూ సమానంగా ఉండాలి. గోతుల అడుగు మట్టాన్ని లెవల్ గొట్టంతో చూడవచ్చు.

ఇనుము

స్తంభం బరువు కిందికి నొక్కుతుంటే నేల పైకి నెడుతుంది. అందువల్ల ఫుటింగ్ అడుగు భాగం సాగడానికి ప్రయత్నిస్తుంది. చువ్వల జాలీని అడుగున పరచడానికి కారణం ఇదే. చువ్వల మందం, వాటి మధ్య దూరం, సంఖ్య డ్రాయింగ్‌తో సరిపోలాలి. స్తంభం చువ్వలు అడుగున వంపు తిరిగి జాలీ మీద కూర్చోవాలి. రింగుల కొసలు 135 డిగ్రీల కోణంలో లోపలికి వంగి ఉండాలి. 90 డిగ్రీల వద్ద ఆపిన కొక్కేలు భూకంపం సమయంలో విప్పుకునే ప్రమాదం ఉంది. చువ్వలపై బురద, నూనె, పెచ్చులుగా రాలే తుప్పు ఉంటే శుభ్రం చేయించాలి.

జాలీని నేల మీదే పరచి, కాంక్రీట్ పోస్తూ కొక్కెంతో పైకి లాగడం చాలాచోట్ల కనిపించే పద్ధతి. ఇది సరైనది కాదు. ఐఎస్ 456 ప్రకారం ఫుటింగ్‌లో చువ్వల చుట్టూ కనీసం 50 మిల్లీమీటర్ల కాంక్రీట్ ఉండాలి. అంతకు తగ్గితే నేలలోని తేమ చువ్వలను చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీట్‌ను లోపలి నుంచే చీల్చుతుంది. ఈ ఎడం కోసం కాంక్రీట్ కవర్ బ్లాకులనే వాడాలి. ఇటుక ముక్కలు నీటిని పీల్చుకుంటాయి కాబట్టి అవి పనికిరావు. జాలీ కింద 75 నుంచి 100 మిల్లీమీటర్ల మందంలో పలుచని కాంక్రీట్ పరుపు ముందే ఉండాలి.

కాంక్రీట్

నేలలో ఉండే సాధారణ పునాదులకు కనీసం ఎం25 రకం కాంక్రీట్ ఉండాలని, నీరు–సిమెంటు నిష్పత్తి 0.50 దాటకూడదని ఐఎస్ 456 చెబుతోంది. సులువుగా పరచుకుంటుందని పనివారు అదనంగా నీరు కలిపితే బలం తగ్గుతుంది. వైబ్రేటర్ పనిచేస్తోందా అన్నది పని మొదలుకాక ముందే చూడాలి. పోసేటప్పుడు 150 మిల్లీమీటర్ల ఘనపు అచ్చులు కనీసం మూడింటిని నింపి ఉంచితే, 28 రోజుల తరువాత ప్రయోగశాలలో బలాన్ని పరీక్షించవచ్చు.

పని ఆపే అధికారం

పైన చెప్పిన ఏ ఒక్క అంశం సరిగా లేకపోయినా పోత ఆపించాలి. కూలీలు వచ్చారనో, మిక్సర్ అద్దె వృథా అవుతుందనో, ముహూర్తం దాటుతుందనో తొందరపడటం వల్లే ఎక్కువ లోపాలు మిగిలిపోతాయి. వాయిదా పడిన పోతకు ఒక రోజు కూలీ, అద్దె నష్టం. పోసిన తరువాత దిద్దాలంటే కాంక్రీట్ పగలగొట్టాలి, లేదా ఇంటి కింద తవ్వి పునాదిని బలపరచాలి.

టేపు పట్టి తీసిన ఫొటోలు, తేదీతో ఇంజినీరు సంతకం చేసిన తనిఖీ పత్రం భద్రపరచుకోవాలి. తరువాత పై అంతస్తు వేయాలన్నా, వివాదం తలెత్తినా గోతిలో ఏముందో చెప్పే ఆధారం అదే. తనిఖీ పూర్తయ్యాక రాత్రి వాన పడితే గోతి అడుగును, కవర్ బ్లాకులను మరునాడు మళ్లీ చూసిన తరువాతే కాంక్రీట్ పోయాలి.