కంప్యూటర్ నెట్‌వర్కులపై ఉద్దేశపూర్వక విద్యుదయస్కాంత అంతరాయం
(పాత్రికేయులు, అధికారుల సమాచారార్థం ప్రత్యేక వ్యాసం)

నరసరావుపేట కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఆవిర్భవించింది. జిల్లా కలెక్టరేటు, గురజాల రెవెన్యూ డివిజన్ కార్యాలయం మొదలుకొని మాచర్ల ప్రాంతంలోని నల్లమల అంచు గ్రామాల వరకు భూమి రికార్డులు, రిజిస్ట్రేషన్లు, పింఛన్లు, చౌక ధరల దుకాణాల్లో వేలిముద్రల నమోదు వంటి సేవలు నెట్‌వర్కుపైనే ఆధారపడి ఉన్నాయి. నెట్‌వర్కు నిలిచినప్పుడు వైరస్, హ్యాకింగ్, కేబుల్ తెగడం అనే మూడు కారణాలనే అనుమానించడం పరిపాటి. అంతగా ప్రచారంలో లేని నాలుగో కారణం మరొకటి ఉంది. కేబులును తాకకుండా, పాస్‌వర్డు దొంగిలించకుండా, కేవలం రేడియో తరంగాలతో పరికరాలను స్తంభింపజేయడమే ఉద్దేశపూర్వక విద్యుదయస్కాంత అంతరాయం.

అంతరాయం స్వరూపం

పిడుగుపాటు, వెల్డింగ్ యంత్రాలు, భారీ మోటార్ల వల్ల కలిగే అంతరాయం యాదృచ్ఛికమైనది. సున్నపు బట్టీలు, సిమెంటు కర్మాగారాలు, రాతి పరిశ్రమలు గల పల్నాడులో ఇట్టి అంతరాయానికి అవకాశం సహజంగానే ఉంటుంది. హాని తలపెట్టి, లేదా ఇతరుల సమాచార ప్రసారాన్ని అడ్డగించే ఉద్దేశంతో చేసే చర్య ఇందుకు భిన్నమైనది. నేరస్థుల చేతిలో ఈ సాధనాలు కలిగించగల ముప్పుపై అంతర్జాతీయ రేడియో విజ్ఞాన సంఘం 1999లో టొరంటోలో జరిగిన మహాసభలో తీర్మానం చేసింది.

తరంగశక్తి పరికరాల్లోకి రెండు మార్గాల్లో ప్రవేశిస్తుంది. మొదటిది యాంటెన్నా. వై-ఫై, మొబైల్, జీపీఎస్ రిసీవర్లు వినే పౌనఃపున్యంలోనే రొదను పంపితే అసలు సంకేతం అందులో మునిగిపోతుంది. జామర్లు పనిచేసే విధానమిదే. రెండవది విద్యుత్ తీగలు, నెట్‌వర్కు కేబుళ్లు, పెట్టెల్లోని సందులు. 300 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు ఒక మీటరు. అందుచేత అర మీటరు కేబుల్ సైతం ఆ తరంగానికి యాంటెన్నాగా మారి, శక్తిని పరికరం లోపలికి చేరవేయగలదు.

ప్రభావాలు

అంతరాయం స్వల్పంగా ఉన్నప్పుడు డేటా ప్యాకెట్లలో దోషాలు ఏర్పడతాయి. దోషం గల ప్యాకెట్లను పరికరాలు తిరస్కరించగా, అవి మరల మరల పంపబడతాయి. వాడుకదారునికి ఇది కేవలం వేగం మందగించినట్లు కనిపిస్తుంది. తీవ్రత పెరిగితే అనుసంధానం తెగిపోతుంది. ఇంకను పెరిగితే రూటర్లు, స్విచ్‌లు స్తంభించి, మనిషి వెళ్లి తిరిగి ప్రారంభించే వరకు పనిచేయవు. అత్యధిక తీవ్రత వద్ద చిప్‌లు శాశ్వతంగా దెబ్బతింటాయి.

కార్యాలయ కంప్యూటర్ పరికరాలను సాధారణంగా మీటరుకు 3 వోల్టులు, పారిశ్రామిక పరికరాలను 10 వోల్టుల క్షేత్రాన్ని తట్టుకొనేలా పరీక్షిస్తారు. మీటరుకు 100 వోల్టులు మించిన క్షేత్రాన్ని అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ అధిక శక్తి విద్యుదయస్కాంత స్థితిగా పరిగణిస్తుంది. పై అంకెల మధ్య వ్యత్యాసమే ముప్పు పరిమాణాన్ని తెలుపుతుంది.

ఆప్టికల్ ఫైబర్‌లో సమాచారం కాంతి రూపంలో ప్రయాణిస్తుంది గనుక ఈ అంతరాయం దానిని బాధించదు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్‌లో కేబుళ్లను ప్రధానంగా విద్యుత్ స్తంభాల మీదుగా వేశారు. అయితే ఫైబర్‌కు రెండు చివరల ఉండే ఎలక్ట్రానిక్ పెట్టెలకు, వాటికి విద్యుత్తు నందించే తీగలకు ఆ రక్షణ లేదు.

వెలుగుచూసిన సంఘటనలు

అమెరికాలోని న్యూవార్క్ విమానాశ్రయ పరిసరాల్లో ఒక వాహన చోదకుడు తన వాహనంలో జీపీఎస్ జామర్‌ను వాడగా, విమానాశ్రయంలోని ఉపగ్రహ ఆధారిత ల్యాండింగ్ సహాయక వ్యవస్థకు ఆటంకం కలిగింది. 2012లో బయటపడిన ఈ ఉదంతంలో మరుసటి సంవత్సరం అతనికి 31,875 డాలర్ల జరిమానా ప్రతిపాదించారు. ఢిల్లీ విమానాశ్రయ సమీపంలో కొన్ని విమానాలకు తప్పుడు జీపీఎస్ సంకేతాలు అందాయని, హైదరాబాద్ సహా ఇతర ప్రధాన విమానాశ్రయాల నుండి కూడా అంతరాయంపై నివేదికలు వచ్చాయని కేంద్ర పౌర విమానయాన మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు 2025 డిసెంబరులో రాజ్యసభకు తెలిపారు. మొబైల్ నెట్‌వర్కులు సైతం కాల సమన్వయానికి జీపీఎస్‌ను వినియోగిస్తున్నందున ఈ సమస్య విమానయానానికే పరిమితం కాదు.

చట్టం

జామర్ల వినియోగం సాధారణంగా చట్టవిరుద్ధమని, ప్రైవేటు వ్యక్తులు, సంస్థలు వాటిని కొనుగోలు చేయరాదని కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ 2022 జూలైలో స్పష్టం చేసింది. మొబైల్ సిగ్నల్ బూస్టర్లను లైసెన్సు పొందిన టెలికాం సంస్థలు తప్ప ఇతరులు కలిగి ఉండడం కూడా చట్టవిరుద్ధమే. తన ఇంట సిగ్నల్ పెంచుకొనుటకు అమర్చిన బూస్టర్ పొరుగువారి సేవలకు ఆటంకం కావచ్చు. జామర్ సాధారణ సంభాషణను, 112, 108 వంటి అత్యవసర కాల్‌ను వేరుచేసి చూడదు. దాని పరిధిలోని రోగికి అంబులెన్స్ పిలిచే మార్గం కూడా మూసుకుపోతుంది.

గుర్తింపు, రక్షణ చర్యలు

ఒకే చోట వేర్వేరు కంపెనీల పరికరాలు ఏకకాలంలో మొరాయించడం, కేబుల్ ద్వారా పనిచేస్తున్న సేవ వై-ఫైపై నిలిచిపోవడం, ప్రతిదినం ఒకే వేళకు లేదా ఒక వాహనం నిలిచినప్పుడే సమస్య తలెత్తడం అనుమానించదగిన లక్షణాలు. ఇవి రుజువులు కావు. సమయం, స్థలం, ప్రభావిత పరికరాల వివరాలను నమోదు చేసి, పరికరాల లాగ్‌లను భద్రపరచి, సర్వీసు సంస్థకు, పోలీసులకు తెలియజేయవలసి ఉంటుంది. పరికరాన్ని ఆపి తిరిగి ప్రారంభిస్తే కొన్ని ఆధారాలు చెరిగిపోవచ్చు.

దూరం రెండింతలైతే క్షేత్ర తీవ్రత సగానికి తగ్గుతుంది. కనుక సర్వర్ గదిని రహదారి వైపు గోడకు దూరంగా ఏర్పాటు చేయడం వ్యయం లేని రక్షణ. లోహపు పెట్టెలు, సరైన ఎర్తింగ్, విద్యుత్ ఫిల్టర్లు, భవనంలోపల కూడా ఫైబర్ వినియోగం తదుపరి చర్యలు. నెట్‌వర్కు లేనప్పుడు సేవలు కొనసాగించుటకు కాగితంపై నమోదు విధానం కూడా సిద్ధంగా ఉండాలి. విద్యుదయస్కాంత ప్రభావాలపై పరిశోధన, పరీక్షల కోసం విశాఖపట్నం సమీపంలోని గంభీరంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ‘సమీర్’ కేంద్రం ఉంది.

నెట్‌వర్కు అంతరాయాలపై నివేదికలు, వార్తలు రూపొందించేటప్పుడు సాంకేతిక లోపం, సైబర్ దాడి, విద్యుదయస్కాంత అంతరాయం అనే పదాలను ఒకదానికి బదులు మరొకటి వాడరాదు. కారణం నిర్ధారణ కానప్పుడు ‘కారణం పరిశీలనలో ఉంది’ అని పేర్కొనడమే సముచితం. వైరస్ అని ముందే తీర్మానించుకుంటే కంప్యూటర్లను శుభ్రపరచడంతోనే కాలం గడుస్తుంది, అసలు కారణమైన జామర్ మాత్రం ప్రహరీ వెలుపల పనిచేస్తూనే ఉంటుంది.