తెలుగునాట బీమా ఏజెంటు వృత్తి

1923లో బందరులో ఆంధ్రా బ్యాంకును స్థాపించిన భోగరాజు పట్టాభి సీతారామయ్య 1925లో అక్కడే ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీని నెలకొల్పడంతో, చావు మాట ఎత్తడమే అశుభమనుకునే ఇళ్లలో ఆ మాటతోనే పని మొదలుపెట్టవలసిన బీమా ఏజెంటుకు తెలుగునాట సొంత సంస్థ ఒకటి అండగా నిలిచింది. 1938 నాటి బీమా చట్టం ‘రిబేటు’ను, అంటే ఏజెంటు తన కమీషనులో కొంత పాలసీదారుకు ముట్టజెప్పడాన్ని నిషేధించినా, పోటీ తట్టుకోలేక తొలి ప్రీమియాన్ని తానే కట్టిన ఏజెంట్లకు కొదవ లేదు; ఈ వృత్తిలోని అసలు బరువు ఇక్కడే ఉందనిపిస్తుంది.

1956 సెప్టెంబరు 1న 245 బీమా, ప్రావిడెంట్ సంస్థల వ్యాపారం జీవిత బీమా సంస్థ కిందికి వచ్చింది. ఆ సంస్థ ఏజెంటుకు మొదటి ఏడాది ప్రీమియంపై ఎక్కువగానూ, ఆపై ఏడాదుల్లో తక్కువగానూ కమీషను లభించే ఈ పద్ధతిలో, ‘రెన్యువల్ కమీషను’ అనే ఆ చిన్న మొత్తాలే ఏళ్ల తరబడి పోగుపడి, నిబంధనల మేరకు ఏజెంటు మరణానంతరం వారసులకు సైతం అందుతాయి. అయితే మార్చి నెలాఖరున, లక్ష్యం ఇంకా నిండక, ప్రపోజల్ ఫారాల సంచితో బడి విరామ సమయంలో ఉపాధ్యాయుల గది గుమ్మం ముందు నిలబడే మనిషికి ఆ రాబడి చాలా దూరాన ఉంటుంది.